లేసు సూదికి ఇంకో పని

నరసాపురం లేసు సంగతి మీకు చెప్పనక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక గోదావరి ఊళ్ళలో ఇంటింటా పాకి, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఓడరేవులోనూ ఉక్కు కర్మాగారంలోనూ ఉద్యోగాలకని విశాఖ వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో ఆ సూది పట్టడం వచ్చిన ఇల్లాళ్ళు ఎందరో ఉన్నారు. బల్లగుడ్డలు అల్లి విసిగినవారికి ఒక పని చెబుతాను.

రొమ్ము కేన్సరుకి ఆపరేషను అయితే కొందరికి ఒకవైపు పూర్తిగా తీసేస్తారు. ప్రాణం దక్కింది, అదే చాలదూ అంటారు చుట్టాలు. నిజమే. గాని పైట సర్దుకుంటూ నలుగురిలోకి వెళ్ళవలసింది ఆవిడ గదా! రవికెలో చేతిరుమాలు కుక్కుకుంటే జారిపోతుంది. సిలికానుతో చేసిన కృత్రిమ వక్షోజం ఖరీదైనది, బరువు కూడాను. మన సముద్రపు ఉక్కలో దాని కింద చెమటపోసి ఒరుసుకుంటుంది. పైగా గాయం మానేదాకా దాన్ని వాడకూడదు.

2011లో అమెరికాలో బార్బరా డెమొరెస్ట్ అనే ఆవిడకు ఈ చిక్కే వచ్చింది. స్నేహితురాలు నూలుతో ఒకటి అల్లిపెట్టింది. ఆ పని ఇప్పుడు దేశదేశాలా సాగుతున్నది. మన దేశంలో ముంబయికి చెందిన జయశ్రీ రతన్ గారు సాయిషా అనే సంస్థ పెట్టి, సేవికలచేత అల్లించి ఉచితంగా ఇస్తున్నారు.

నేనూ మధ్యాహ్నాలు ఇవే అల్లుతున్నాను. మెత్తని నూలుదారమే వాడాలి. ఉన్ని అయితే దురద పెడుతుంది. మధ్యనుంచి చుట్లుగా పెంచుకుంటూ గిన్నె ఆకారం తేవాలి. వెనక అంచులో దారం దూర్చి, లోపల పాలియెస్టరు దూది నింపుతాం. దారం సడలించి దూది తీసుకోవచ్చు, చేర్చుకోవచ్చు. రెండోవైపుతో సరిచూసుకోవడం ఆవిడ చేతిలోనే ఉంటుంది. కుట్టు బిగిస్తే అట్టముక్కలా తయారవుతుంది. వదిలితే దూది పైకి కనిపిస్తుంది.

అల్లడానికేం, చేయి తిరిగితే వస్తుంది. కొలత అడగడమే కష్టం. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి కేన్సరు ఆసుపత్రికి ఉత్తరాంధ్ర పల్లెలనుంచి స్త్రీలు వస్తారు. అలా వచ్చి, మా ఎరికలోనివాళ్ళింట దిగిన ఒకావిడను “బాడీ ఏ సైజు వాడతారమ్మా?” అని అడిగాను. “బాడీ యెక్కడిదమ్మా, రవికే గదా!” అంది. పుస్తకంలో చూపిన నమూనాకి ఆధారమే ఆ బాడీ! అంచేత ఆవిడ రవికెలోపల పాత మల్లుగుడ్డతో చిన్న సంచీ కుట్టాను. అప్పటినుంచీ అల్లినదానితోబాటు ఆ సంచీగుడ్డ కూడా కత్తిరించి ఇస్తున్నాను.

వేసుకుని, పైట సర్ది, చాలాసేపు మాట్లాడలేదావిడ. తరవాత, “ఉతకొచ్చునా?” అంది.

“సబ్బునీళ్ళలో చేత్తో ఉతికి ఆరెయ్యండి.”

“మా దండెం ఈదిలోనే ఉంటాదమ్మా,” అని ఓ క్షణం ఆలోచించి, “తువ్వాలు కింద ఆరేస్తాన్లే,” అంది.