ప్రేమించేవాడంటే భయమెందుకు?

మరోదా క్వార్టర్లలో మన తెలుగు క్రైస్తవ బంధువులతో మాట కలిస్తే వాదన ఒక్కచోటే ఆగుతుంది. దేవుడు ప్రేమ అంటారు. ఆ వెంటనే దేవునికి భయపడాలంటారు. అదేమని అడిగితే, అది బెదురు కాదు, తండ్రి పట్ల బిడ్డకుండే భయభక్తులు అని సర్దుతారు.

తెలుగు బైబిలు అనువాదకులు భయానికి భక్తిని జోడించి మాటను మెత్తబరిచారు. నరకాన్ని మాత్రం మెత్తబరచలేదు. తనను నమ్మని బిడ్డను ఆరని అగ్నిలో వేసే తండ్రిని ఏ వాడలోనైనా ప్రేమగలవాడంటారా? నిండు ప్రేమ ముందు భయం నిలవదని వారి యోహాను పత్రికే చెబుతోంది. పోయిన భయాన్ని ప్రతి ఆదివారం మళ్లీ పిలవడమెందుకు?

మిషనరీలు మన వాడలకు బడి తెచ్చారు, కాదనను. కులం చర్చి బెంచీల దాకా వచ్చిందనీ మరవను.

బౌద్ధంలో మాత్రం భయం లేదా అంటారు. ఉంది. పాళీలో దాని పేరు ఒత్తప్ప: చెడు చేస్తే వచ్చే ఫలితానికి జంకడం. భిలాయి కార్మికుడికి ఈ జంకు కొత్త కాదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుంచీ కరిగిన ఇనుము గుణం తెలిసే అతను దూరంగా నిలబడతాడు, హెల్మెట్ పెట్టుకుంటాడు. (విశ్వకర్మ పూజనాడు మొక్కేవాళ్లూ ఉన్నారు, పనిలోకి దిగేటప్పుడు వాళ్లూ హెల్మెట్ మరవరు.) ఫర్నేసు తనను ప్రేమిస్తోందని ఎవరూ అతనికి చెప్పలేదు.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో నరకం బెదిరింపు ఒక్కటీ లేదు.

బంధువులారా, నరకమే లేదని రేపు తేలితే మీ దేవుణ్ణి ఇంకా ప్రేమిస్తారా? ప్రేమిస్తామంటే, పిల్లలకు ఆ నరకం పాఠం ఈ ఆదివారమే మానేయండి.