మొక్కకు వెలుగు, మూగజీవికి చీకటి

పట్టణాలలో నేడు ఎండ కూడా కొనుక్కోవలసిన వస్తువైపోయింది. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ఒకదాని నీడ మరొకదానిపై పడేలా లేచిన అపార్టుమెంట్లలో, బాల్కనీలోకి సూర్యకిరణం తొంగిచూసేది గంటో రెండు గంటలో మాత్రమే. అందువల్ల వంటింటి గట్టు మీద పుదీనా, కొత్తిమీర పెంచుకోవాలన్న ముచ్చట గల గృహిణులు గ్రో లైట్లను ఆశ్రయిస్తున్నారు. చలిదేశాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకైతే, కుండీలోని కరివేపాకు మొక్కను శీతకాలం దాటించడానికి ఈ దీపాలు ఎంతో అక్కరకు వస్తున్నాయి.

ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ గదిలోనే ఒక పిల్లి తిరుగుతూ ఉండవచ్చు. మూలన లవ్ బర్డ్స్ పంజరమో, చేపల తొట్టో ఉండవచ్చు. దీపాన్ని మనం మొక్క కోసమే వెలిగించాం. కాని దాని వెలుగు, వేడి, తీగ ఆ మూగజీవుల బ్రతుకులోకి కూడా ప్రవేశించాయి. మనకు వెలుగు ఎక్కువైతే స్విచ్ ఆపుతాం, లేదా గది మారుతాం. పంజరంలోని పక్షికి ఆ రెండు దారులూ లేవు. కనుక దాని తరఫున మనమే ఆలోచించవలసి ఉంటుంది.

మొదట దీపం ఎంపికను గూర్చి చూద్దాం. పెద్ద తోటల కోసం తయారైన సోడియం దీపాలు, మెటల్ హాలైడ్ దీపాలు తాకిన క్షణంలోనే చర్మం కాలేంత వేడెక్కుతాయి. పిల్లులున్న ఇంటికి అవి ఎంతమాత్రం తగవు. వెచ్చదనాన్ని వెదుక్కుంటూ వెళ్లి పడుకోవడం పిల్లి స్వభావం కదా! ఎల్.ఇ.డి. దీపాలు వీటికంటే చాలా తక్కువ వేడితో పనిచేస్తాయి కనుక గృహావసరాలకు అవే శ్రేయస్కరం. వాటిలో కూడా గులాబి, ఊదా రంగుల వెలుగునిచ్చే వాటికన్నా, పగటి వెలుగును పోలిన తెల్లని దీపాలు మనుషుల కళ్లకూ హాయిగా ఉంటాయి; మొక్క ఆకుల అసలు రంగు, వాటికి పట్టిన తెగులు కూడా ఆ వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి. సి.ఎఫ్.ఎల్. దీపాలలో కొద్దిపాటి పాదరసం ఉంటుంది. అది పగిలితే ముందుగా పిల్లలను, జంతువులను బయటకు పంపి, కిటికీలు తెరిచి, పది నిమిషాలైనా గాలి ఆడనివ్వాలి. ఆపై ముక్కలను చీపురుతో చిమ్మకుండా, మందపాటి కాగితంతో ఎత్తి, నేలను తడిగుడ్డతో తుడవాలి.

దీపం కొనేటప్పుడు అడగవలసిన మరొక ప్రశ్న, అందులో అతినీలలోహిత కిరణాల బల్బులు చేర్చారా అన్నది. సాధారణ ఎల్.ఇ.డి.లలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. కొన్ని రకాలలో ప్రత్యేకంగా చేరుస్తారు. మన కంటిలోని కటకం ఆ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. పిల్లి కంటి కటకం మనకన్నా ఎక్కువగా లోనికి రానిస్తుంది. చిలుక జాతి పక్షులైతే ఆ కిరణాలను చూడగలవు కూడా. కనుక జంతువులు మసలే గదిలో అటువంటి దీపం వద్దు. ఏ దీపమైనా దాని ముఖం మొక్క వైపు వంగి ఉండాలి. పిల్లి పడుకునే చోటు నుండి, పంజరంలోని కర్ర మీద నుండి చూస్తే బల్బు నేరుగా కంటికి తగలకూడదు. మనం ఒకసారి ఆ ఎత్తుకు వంగి చూస్తే విషయం బోధపడుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది వేళ. మొక్కకు వెలుగు ఎంత అవసరమో చీకటి కూడా అంతే అవసరం. ఇంటి మొక్కలకు రోజుకు పన్నెండు నుండి పద్నాలుగు గంటల వెలుగు సరిపోతుంది. ఫజ్ర్ నమాజు తర్వాత వెలిగించి, ఇషా వేళకు ఆర్పివేస్తే మొక్క అవసరం తీరుతుంది, ఇంటికీ విశ్రాంతి లభిస్తుంది. పంజరంలోని పక్షులకు రోజూ పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. వెలుగు వేళ పొడిగిన కొద్దీ ఆడపక్షి శరీరం గుడ్ల కాలం వచ్చిందని భ్రమిస్తుంది. మాటిమాటికీ గుడ్లు పెట్టి ఒంట్లోని కాల్షియం కోల్పోతుంది. గుడ్డు లోపలే చిక్కుకుంటే ప్రాణాపాయం. చేపలకు కనురెప్పలే ఉండవు. పైగా అధిక వెలుగు వల్ల తొట్టిలో పాచి పెరుగుతుంది. కనుక పక్షులకు, చేపలకు దీపం లేని వేరే గదే ఉత్తమం. గది ఒక్కటే అయితే దీపపు వేళ తగ్గించి, నీడకు ఓర్చుకునే మొక్కలతో తృప్తి పడాలి. ప్లగ్గుకు తగిలించే టైమర్ ఒకటి కొంటే మన మరపు వల్ల అవి బాధపడవు.

రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పివేయమని ప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారని, ఎలుక వత్తిని లాగి ఇంటివారిని అగ్నికి ఆహుతి చేయవచ్చునన్న హెచ్చరిక అందులో ఉందని సహీహ్ బుఖారీలో ఉంది. నూనె దీపాల కాలం పోయింది, కాని ఆ హెచ్చరిక పోలేదు. నేడు ఎలుక లాగేది వత్తిని కాదు, కరెంటు తీగను కొరుకుతుంది. పిల్లి కూనలు, కుందేళ్లు కూడా అంతే. తీగలను ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి గోడ వెంబడి బిగించాలి. నీళ్లు పోసే చోట ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉండకూడదు. తీగ ప్లగ్గు కన్నా కొంచెం క్రిందికి వ్రేలాడి పైకి వెళ్లేలా అమర్చితే, దాని వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోక క్రింద పడుతుంది. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. దీపాన్ని బల్లకు క్లిప్పుతో తగిలించే బదులు, పిల్లి దూకినా ఊడిరాని విధంగా కొక్కెంతో వ్రేలాడదీయండి.

ఒకవేళ జంతువు తీగను కొరికి విలవిలలాడుతుంటే, కంగారులో దానిని చేతితో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. తర్వాత అది లేచి తిరిగినా, తిన్నా, పశువైద్యునికి తప్పక చూపించాలి. నోటిలోని కాలిన గాయం పైకి కనిపించకపోవచ్చు. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఇక చివరగా, దీపం క్రింద ఏ మొక్కను పెంచుతున్నామో చూసుకోవాలి. ఏపుగా పెరిగిన ఆకు పిల్లిని ఆకర్షిస్తుంది. లిల్లీ జాతి మొక్కలు పిల్లికి ప్రాణాంతకం. ఆకు కొరికినా, ఒంటి మీద పడిన పుప్పొడిని నాకినా రెండు మూడు రోజులలో మూత్రపిండాలు చెడిపోతాయి. ఎంతో ముచ్చటగా పెంచుకునే మనీ ప్లాంటు నమిలితే నోరు మండి, చొంగ కారుతుంది. సైకస్, గన్నేరు విషపూరితాలు. కలబంద కూడా వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. వీటికి బదులు స్పైడర్ ప్లాంటు పెంచుకోవచ్చు. ఒక చిన్న తట్టలో గోధుమలు చల్లి ఆ లేత గడ్డిని పిల్లి కోసమే వదిలేస్తే, తక్కిన కుండీల జోలికి పోవడం తగ్గుతుంది.

ఈ పనులలో కొన్నింటిని పిల్లలకు అప్పగించండి. సాయంత్రం దీపం ఆరిందా, పంజరం మీద గుడ్డ కప్పారా, పిల్లి గిన్నెలో నీళ్లున్నాయా అని రోజూ చూసే బాధ్యత వారిది. నోరులేని ప్రాణి మన వద్ద ఉన్న అమానత్ అని వారికి వేరుగా పాఠం చెప్పనక్కరలేదు. ఆ పని చేస్తూ చేస్తూ వారే గ్రహిస్తారు, ఇన్షాఅల్లాహ్.