లెక్టర్ ఎవరి వంక చూస్తున్నాడు?

ఇంజనీరింగ్ మూడో ఏడులో, హాస్టల్లో ఓ సీనియర్ హార్డ్‌డిస్క్ నుంచి కాపీ చేసుకుని మొదటిసారి చూశాను 'ది సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్' (1991). ఆ తర్వాత ఇంకో మూడు సార్లు. ప్రతిసారీ ఆంథోనీ హాప్కిన్స్ కోసమే. ఆ నరమాంస భక్షకుడి డైలాగులు మెస్‌లో కూర్చుని చెప్పుకునేవాళ్లం (మా మెస్ కూరలకి అవి బానే అతికేవి :)). నాలుగుసార్లు చూశాక ఈ సినిమా నాకు కొట్టిన పిండే అనుకున్నా. మొన్నామధ్య మా అక్క వచ్చినప్పుడు ఐదోసారి పెట్టాను. మొదలై ఐదు నిమిషాలు కూడా అయ్యుండదు, రిమోట్ లాక్కుని ఆపేసింది.

"ఒరేయ్, ఆ లిఫ్ట్ చూశావా?"

"లిఫ్ట్‌లో ఏముంది?"

"అది మా టీమ్ మీటింగ్ రా."

అక్క కూడా సాఫ్ట్‌వేరే. పదేళ్ల పైనే అనుభవం. వెనక్కి తిప్పి మళ్లీ చూపించింది. ఎఫ్‌బీఐలో ట్రెయినీ అయిన క్లారిస్ (జోడీ ఫోస్టర్) చెమటలు కారుతూ పరిగెత్తి వచ్చి లిఫ్ట్ ఎక్కుతుంది. లోపల అందరూ ఎర్ర చొక్కాల మగవాళ్లు. ఒక్కొక్కడూ ఆమెకంటే తలా, భుజాలంత ఎత్తు. ఒక్క డైలాగ్ లేదు. ఎవరూ ఏమీ అనరు, అల్లరి చెయ్యరు. ఆమె పైకి చూస్తూ నిలబడుతుంది, అంతే. ఈ షాట్ నేను నాలుగుసార్లు చూశాను. అంటే, కళ్ల ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లిపోయింది.

(సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోతే మంచిది. ముందు ముందు కథ చెప్పేస్తాను.)

ఇక ఆ రాత్రి సినిమా ముందుకి సాగలేదు. ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూశాం. మామూలుగా ఇద్దరు మాట్లాడుకునే సీన్లో నటులు లెన్స్‌కి కొంచెం పక్కగా చూస్తారు. మనం పక్కన నిలబడి వింటున్నట్టుంటుంది. ఇక్కడ దర్శకుడు జోనథన్ డెమీ, కెమెరామన్ టాక్ ఫుజిమోటో చేసిన పని వేరు. క్లారిస్‌తో మాట్లాడేవాళ్లు చాలాచోట్ల సరిగ్గా లెన్స్‌లోకే చూస్తారు. క్లారిస్ మాత్రం ఎక్కువగా పక్కకి చూస్తుంది. అంటే మనం ఆమె కుర్చీలో కూర్చున్నాం. ఆమె మీద పడే చూపులన్నీ మన మీద పడుతున్నాయి.

ఒకే కోణంలో ఎంత తేడా చూపించారో గమనించండి. ఆస్పత్రి నడిపే డాక్టర్ చిల్టన్ లెన్స్‌లోకే చూస్తూ ఈ రాత్రికి ఊళ్లోనే ఉంటారా అన్న ధోరణిలో మాటలు కలుపుతాడు. ఆ చూపు ఆమె మీద జారుతూ ఉంటుంది. తర్వాత లెక్టర్ కూడా అలాగే లెన్స్‌లోకి చూస్తాడు. కానీ ఈయన చూపు జారదు, చదువుతుంది. ఆమె బ్యాగు, చెప్పులు, యాస, పుట్టిన ఊరు అన్నీ చదివేస్తాడు. మిగతావాళ్లకి ఆమె ఆడపిల్లగా కనపడితే, ఈ హంతకుడికి మనిషిగా కనపడింది. ఆమె అక్కడికి మళ్లీ మళ్లీ ఎందుకెళ్తుందో డైలాగుల్లో వెతికితే దొరకదు, ఈ రెండు క్లోజప్పులు పక్కపక్కన పెట్టుకుంటే దొరుకుతుంది. మెంఫిస్ పంజరం సీన్లో అయితే కెమెరా జరిగి జరిగి మొహాలకి ఎంత దగ్గరవుతుందంటే, మధ్యలో ఉన్న ఊచలే ఫ్రేమ్‌లోంచి పోతాయి.

రెండు గంటల సినిమాలో హాప్కిన్స్ కనపడేది అరగంట కూడా కాదు. అయినా ఆయనే గుర్తుంటాడు. 1992లో ఆస్కార్‌లలో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే ఐదూ కొట్టేసిందీ సినిమా. కెమెరాకి నామినేషన్ కూడా రాలేదు! ఆ ఏడు కెమెరా అవార్డు 'జేఎఫ్‌కే'కి వెళ్లింది. అదీ గొప్ప పనే, కాదనను. కానీ కెమెరా పనితనం అంటే కంటికి కనపడాలి, ఛాయాగ్రహణం అందంగా ఉండాలి అన్న అభిప్రాయం అక్కడా ఇక్కడా ఒకటే అని నాకనిపిస్తుంది.

మన సంగతీ చెప్పుకోవాలి. 'శివ' (1989)లో పాపని సైకిల్ మీద ఎక్కించుకుని సందుల్లో పారిపోయే సీన్లో స్టెడీక్యామ్ ఎందుకు పని చేసిందంటే, అది శివ భయంతో పాటు పరిగెత్తింది కాబట్టి. తర్వాత మనవాళ్లు చాలామంది స్టెడీక్యామ్‌ని తీసుకున్నారు, శివని వదిలేశారు. థ్రిల్లర్ అనగానే నీలం రంగు, పక్కకి వాలిన ఫ్రేము, క్షణానికో కట్టు. ఆ వాలిన ఫ్రేములో హీరో బదులు ఇంకెవర్ని పెట్టినా తేడా తెలియకపోతే అది స్టైల్ ఎలా అవుతుంది?

చివర్లో డెమీ మనల్ని క్లారిస్ కుర్చీలోంచి లేపేస్తాడు. చీకటి బేస్‌మెంట్, ఆమెకి ఏమీ కనపడదు. హంతకుడి కళ్లకి నైట్ విజన్ అద్దాలు. ఇప్పుడు పచ్చటి వెలుగులో ఆమెని చూస్తున్నది వాడు, అంటే మనం. వాడి చెయ్యి ఆమె జుట్టు దాకా వెళ్తుంది. సినిమా అంతా చూపులు భరించిన మనిషిని ఇప్పుడు మనమే చూస్తున్నాం. ఇన్నాళ్లూ ఈ సీన్ని థ్రిల్లుగా ఎంజాయ్ చేశాను. ఈసారి కాస్త ఇబ్బందిగా కూర్చున్నాను.

దానికి కారణం ఇంకోటుంది. వెస్ట్ వర్జీనియాలో శవాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆడవాళ్ల ముందు ఇలాంటివి మాట్లాడకూడదంటూ క్లారిస్ బాస్ క్రాఫర్డ్ అక్కడి షెరిఫ్‌ని పక్కకి తీసుకెళ్తాడు. గది నిండా పోలీసులు, మధ్యలో ఆమె ఒక్కతే. కెమెరా ఆమె కళ్లతో వాళ్ల మొహాల మీదుగా తిరుగుతుంది. అది చూస్తుంటే కిందటేడు మా క్లయింట్ మీటింగ్ గుర్తొచ్చింది. తొమ్మిదిమందిమి, ఒకే అమ్మాయి. మాడ్యూల్ మొత్తం రాసింది తనే. డెమో ఇచ్చిందీ తనే. తను చెప్పడం పూర్తవగానే క్లయింట్ వైపు పెద్దాయన నా వైపు తిరిగి, ఈ డిజైన్ ఎందుకు ఎంచుకున్నారని అడిగాడు. నేను జవాబు చెప్పాను కూడా! బాగా చెప్పానని ఆ రోజంతా సంబరపడ్డాను. తను అప్పుడు ఎటు చూస్తోందో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

సినిమాలో క్లారిస్ ఊరుకోదు. తిరుగు ప్రయాణంలో కారులో క్రాఫర్డ్‌తో అంటుంది, మీరెలా ఉంటే వాళ్లూ మిమ్మల్ని చూసి అలాగే ఉంటారని. మా టీమ్ అమ్మాయి నాతో ఏమీ అనలేదు. అక్కకి ఇదంతా చెప్తే "నాకు తెలుసులేరా" అని రిమోట్ నా చేతికిచ్చేసి పడుకుంది.

మీ దగ్గర ఈ సినిమా ఉంటే, సౌండ్ పూర్తిగా తగ్గించి, లెక్టర్ వచ్చేదాకా మాత్రం చూడండి. ఎంతమంది ఆమె వంక తిరిగి చూశారో లెక్కపెట్టండి. నేను రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ లెక్క తప్పింది.