ఇష్టం లేని చేతికి తుపాకీ ఇవ్వొద్దు

విశాఖ పూర్ణా మార్కెట్‌లో కూరగాయల లారీలు దిగే వేళ ముగ్గురు కుర్రాళ్లు ఒకే బండి మీద జనాన్ని తోసుకుంటూ పోయారంటే చాలు, బేరం ఆపి మరీ ఎవరో ఒకరు అంటారు: "వీళ్లందర్నీ రెండేళ్లు మిలిటరీలో పడేయాలండీ, దెబ్బకి దారిలోకొస్తారు." చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపుతారు. పెళ్లి భోజనాల దగ్గరా, టీవీ చర్చల్లోనూ ఇదే మాట. దేశభక్తి ముసుగు ఉంది కాబట్టి దీనికి ఎదురు చెప్పేవారు కనబడరు. అందుకే గట్టిగా చెప్పాలి: ఇది తప్పు, అన్యాయం కూడా.

ముందు లెక్క చూద్దాం. మన త్రివిధ దళాల్లో ఉన్నది సుమారు 14 లక్షల మంది. దేశంలో ఏటా పద్దెనిమిది నిండే మగపిల్లలే కోటికి పైగా. రెండేళ్ల సర్వీసంటే ఎప్పుడు చూసినా రెండు కోట్ల మందికి తిండి, బట్ట, బస, శిక్షణ ఇవ్వాలి. నెలకి 15 వేలే చేతిలో పెట్టినా ఏడాదికి 3.6 లక్షల కోట్లు. 2025-26 రక్షణ బడ్జెట్టు మొత్తం 6.81 లక్షల కోట్లు. అందులో సగానికి పైగా జేబుఖర్చులకే పోతే ఓడలెక్కడివి, విమానాలెక్కడివి? ఇజ్రాయెల్ జనాభా కోటి, దక్షిణ కొరియాది ఐదు కోట్లు. వాళ్లు మనుషులు చాలక పెట్టుకున్న నిర్బంధ సైనిక సేవని మనం ఆదర్శంగా తెచ్చుకోవడమేమిటి?

ఇక క్రమశిక్షణ. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడండి. గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. నీటి అడుగున అంత ఇరుకులో ఒక్కడు పరధ్యానంగా వాల్వు తిప్పినా అందరి ప్రాణాలూ పోతాయి. అక్కడ పనిచేసినవాళ్లని నిలబెట్టింది ఆఫీసరు అరుపు కాదు, కోరి వచ్చామన్న పట్టుదల. రెండో ప్రపంచయుద్ధంలో నిర్బంధం లేకుండానే పాతిక లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. బండి నడపడం రానివాడికి చలానా రాయాలి. వాణ్ని బాగుచేసే పని సరిహద్దులో కాపలా కాసే జవాను నెత్తిన పెట్టకూడదు.

నిర్బంధం కోరేవాళ్ల వాదనలో బరువున్నది ఒక్కటే: "ఇప్పుడు పేదవాడే వెళ్తున్నాడు, చట్టం చేస్తే డబ్బున్నవాడి కొడుకూ వెళ్తాడు." వినడానికి న్యాయంగానే ఉంది. జరిగిందేమిటి? అమెరికా అంతర్యుద్ధంలో, 1863 చట్టం ప్రకారం, 300 డాలర్లు కట్టినవాడు ఇంట్లో కూర్చున్నాడు. వియత్నాం యుద్ధంలో కాలేజీ సీటున్నవాడికి వాయిదా దొరికింది, లేనివాడు యుద్ధానికి పోయాడు. చివరికి 1973లో అమెరికాయే నిర్బంధాన్ని వదులుకుంది. మనదగ్గర మెడికల్ సర్టిఫికెట్టు ఎవరికి దొరుకుతుందో, విదేశీ యూనివర్సిటీలో సీటు ఎవరు చూపిస్తారో అందరికీ తెలుసు. పూర్ణా మార్కెట్‌లో ఉల్లి బస్తాలు మోసే కళాసీ కొడుకుకి మాత్రం తప్పించుకునే దారి ఉండదు. అప్పటిదాకా ఇంటికి తెచ్చే నాలుగు రూపాయలూ ఆగిపోతాయి.

అసలు బాధ ఇంకోటి ఉంది. వెళ్తామన్నవాళ్లనే మనం నిలబెట్టుకోలేకపోతున్నాం. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు తెల్లవారకముందే లేచి 1.6 కిలోమీటర్ల పరుగు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేయాలని ఏళ్ల తరబడి సాధన చేస్తారు. కోవిడ్ పేరుతో రెండేళ్లు భర్తీ ఆగింది. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు: నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నిలిచేది నూటికి పాతికమంది వరకే, మిగతావాళ్లకి పింఛను లేదు. మూడు రోజులకే ఉద్యోగార్థుల ఆందోళనలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ వాళ్లు అడిగిందేమిటి? సైన్యం వద్దని కాదు, సైన్యంలో పూర్తికాలం ఉండనివ్వమని. అలా అడిగినవాణ్ని నాలుగేళ్లకి ఇంటికి పంపి, వద్దన్నవాణ్ని మెడబట్టి లోపలికి తోస్తామంటే అది దేశరక్షణ ఎలా అవుతుంది?

కాబట్టి అడగాల్సింది నిర్బంధ చట్టం కాదు. కోరి వచ్చినవాడికి పూర్తి సర్వీసు, పింఛను ఇవ్వాలి. కోరనివాడికి ఐటీఐలో మంచి శిక్షణ, పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో నికరమైన ఉద్యోగం చూపాలి. పనీ గౌరవమూ దొరికిన కుర్రాడు ఎవరి బెత్తమూ లేకుండానే దారిలో ఉంటాడు. యుద్ధమే వస్తే, దేశం తనని మనిషిగా చూసిందన్న నమ్మకమున్నవాడు పిలవకముందే ముందుకొస్తాడు.