గడిలో కూర్చున్నవాని ఆట

మొన్న మన పాఠశాల ఆటస్థలమున ఖో-ఖో జరుగుచుండగా ఒక తండ్రి గట్టుమీదనుండి చూచి, "మావాణ్ణి కూకోబెట్టేసినారేమి సార్? వానికి పరుగెత్తేది రాదని ఎవురు చెప్పినారు?" అని కోపగించెను. బాలుడు సిగ్గుచే తల వంచుకొనెను. మరునాడు ఆటకు రాలేదు. ఇట్టి తలంపు ఆ తండ్రి ఒక్కరిదే కాదు గనుక మా అభిప్రాయము తెలుపుచున్నాము.

తరుము పక్షమువారు తొమ్మండుగురు. ఎనమండుగురు నడిమి బాటపై ఒకరిటు, ఒకరటు ముఖము పెట్టి గళ్ళలో కూర్చుందురు, తొమ్మిదవవాడు తరుమును. తప్పించుకొనువారు మువ్వురు చొప్పున వత్తురు. కూర్చున్నవారి నడుమ ఇటునటు దూరుటకు వారికి స్వేచ్ఛ గలదు. తరుమువానికి లేదు. అతడు నడిమి బాట దాటరాదు. ఒక దిక్కు పట్టిన పిదప స్తంభము చేరువరకు వెనుకకు మరలరాదు. అతనికున్న ఉపాయ మొక్కటే: కూర్చున్నవానిని వెనుకనుండి తాకి "ఖో" అనుట. ఆ పిలుపు రాకమునుపే లేచిన తప్పు. ఆలస్యముగ లేచిన తప్పు కాదు గాని, తప్పించుకొనువాడు ఆవలికి పోవును. లేచినవాడు తాను చూచుచున్న ప్రక్కకే దూకవలెను. ఎడమయో కుడియో మొదటి అడుగే నిర్ణయించును. పిలిచినవాడు ఆ గడిలోనే కూర్చుండును.

కావున కూర్చున్నవాడు ఊరక కూర్చున్నవాడు కాడు. పట్టుపురుగుల నింట పెంచు మన తల్లులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పురుగులు జ్వరమునుండి లేచువరకు ఆకు వేయక కాచియుండుట పని కాదని ఎవరందురు?

అమెరికా దేశపు ఫుట్‌బాల్ ఆటలో ముందుకు బంతి విసరుట 1906లో నియమసమ్మతమయ్యెను. పదునొకండుగురిలో ముందు వరుస నడిమి ఐదుగురు అట్లు విసరిన బంతిని పట్టుటకు సాధారణముగ అర్హులు కారు. ఎదుటివారి నడ్డగించుటయే వారి పని. వారు క్షణము తప్పిన విసరువాడు నేలకూలును. పేరు మాత్రము విసరినవానికి, పట్టినవానికి దక్కును. పత్రికలవారు ఎచ్చటనైన నొక్కటే కాబోలు! అచ్చటి ఆ ఐదుగురికన్న మన బాలుడు భాగ్యవంతుడు. ఒక్క పిలుపుతో అతడే తరుమువాడగును.

పిలుపు వచ్చిన గదా! ఇచ్చట ఆ తండ్రి కోపములో సగము న్యాయమున్నదని ఒప్పుకొనుచున్నాము. మన పిల్లలు స్నేహితులకే "ఖో" ఇచ్చుచున్నారు. మందగతివానిని దాటి పోవుచున్నారు. కన్నడ మాధ్యమ బాలురతో కలసి ఆడునపుడు తెలుగువాడు తెలుగువానినే, కన్నడమువాడు కన్నడమువానినే తాకుట మేము కన్నులార చూచితిమి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో ఇంట తెలుగు, సంతలో కన్నడము మాటాడు పిల్లలకు "ఖో" అను ఒక్క మాటకు భాషాభేదమేల? 2025 జనవరిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్పును మన దేశపు స్త్రీ పురుష జట్లు రెండును గెలిచినవి. పలు రాష్ట్రముల, పలు భాషలవారు కూర్చున్న గళ్ళవి.

ఇకమీదట సాధన ఆటలో ఎనమండుగురికిని ఒకసారి పిలుపు అందువరకు ఎవనికిని రెండవసారి "ఖో" ఇవ్వరాదని నియమము పెట్టవలెనని మా కోరిక. ఆ తండ్రిగారు కుమారుని పంపవలెను. నాల్గవ గడి ఖాళీగ నున్నది.