ఉరికంబం నుంచి యుద్ధానికి!

పాత ఇంగ్లిష్ యుద్ధ చిత్రాల్లో హీరో ఎలా ఉంటాడు? నున్నటి గడ్డం, ఇస్త్రీ చెదరని యూనిఫాం, గుండెల నిండా దేశభక్తి. 1967లో వచ్చిన 'ద డర్టీ డజన్'లో అలాంటివాడు ఒక్కడు కూడా కనిపించడు. ఉన్నవాళ్లంతా సైనిక జైల్లోని ఖైదీలే! దర్శకుడు రాబర్ట్ ఆల్‌డ్రిచ్ అసలు సినిమా మొదలుపెట్టడమే ఒక ఉరితీతతో మొదలుపెట్టాడు.

కాలం 1944. మిత్రదళాలు నార్మండీ తీరంలో దిగే రోజు దగ్గరపడింది. ఫ్రాన్స్‌లోని రెన్ పట్టణం సమీపంలో ఒక పెద్ద భవంతి. జర్మన్ సైనిక ఉన్నతాధికారులు విశ్రాంతి కోసం, విందుల కోసం అక్కడికి వస్తుంటారు. దాడికి ముందే వాళ్లను మట్టుబెడితే జర్మన్ సైన్యానికి తల లేకుండా పోతుందన్నది అమెరికన్ల ఆలోచన. వెళ్లినవాళ్లు తిరిగొచ్చే ఆశ దాదాపు లేదు. అందుకే మంచి సైనికుల్ని పంపరు... పన్నెండు మంది నేరస్తుల్ని పంపుతారు. వాళ్లలో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, మిగతావాళ్లకు ఇరవై, ముప్ఫై ఏళ్ల కఠిన శిక్ష. పని పూర్తిచేసి బతికొస్తే శిక్ష రద్దయ్యే అవకాశం ఉంది. ఈ గుంపును దారిలో పెట్టే బాధ్యత మేజర్ రీస్‌మన్‌ది. ఆ పాత్రలో లీ మార్విన్.

ఇంతకీ వీళ్లు చేసిన నేరాలేంటి? అసలు కిటుకు అక్కడే ఉంది. ఛార్లెస్ బ్రాన్సన్ పాత్ర వ్లాడిస్లా, మందుల సంచి పట్టుకుని పారిపోతున్న తన అధికారినే కాల్చేశాడు. క్లింట్ వాకర్ పోషించిన పోసీ, తనను తోసినవాణ్ని ఒక్క గుద్దు గుద్దాడు. వాడు చచ్చిపోయాడు. జిమ్ బ్రౌన్ చేసిన నల్లజాతి సైనికుడు జెఫర్సన్, తన మీద దాడి చేసిన తెల్లవాళ్లను ఎదిరించి హంతకుడయ్యాడు. చూస్తున్నవాళ్లకి 'పాపం' అనిపిస్తుంది. వెంటనే టెలీ సవాలస్ వస్తాడు. దేవుడి పేరు జపిస్తూ ఆడవాళ్లను చంపే మాగట్‌గా! వీడి మీద మాత్రం జాలి కలగదు. కానీ సైన్యం లెక్కలో వీళ్లంతా ఒకటే. అందరికీ అదే ఉరితాడు.

మధ్యభాగం మొత్తం సరదాగా సాగుతుంది. చన్నీళ్లతో గడ్డం గీసుకోమంటే కుదరదని జాన్ కాసవేటిస్ (ఫ్రాంకో) ఎదురుతిరుగుతాడు. సరే, ఇకమీదట సబ్బూ లేదు, గడ్డం గీసుకోవడమూ లేదు పొమ్మంటాడు మేజర్. 'డర్టీ డజన్' అన్న పేరు అలా వచ్చిందే. అందాకా ఒకరినొకరు కరుచుకునేవాళ్లు ఆ మురికిలోనే ఒక్కటవుతారు. డొనాల్డ్ సదర్లాండ్ దొంగ జనరల్ వేషంలో సైనికుల వరసను తనిఖీ చేసే సన్నివేశం చూసి తీరాల్సిందే. దాన్ని చేయాల్సింది నిజానికి క్లింట్ వాకర్. ఆయన వద్దనడంతో అప్పటికి పెద్దగా పేరులేని సదర్లాండ్‌కి అదృష్టం తలుపు తట్టింది.

తెర వెనక కథలూ తక్కువేం కాదు. లీ మార్విన్ సైపాన్ దీవి పోరులో నిజంగానే గాయపడిన సైనికుడు. బ్రాన్సన్ బాంబర్ విమానంలో గన్నర్‌గా పనిచేశాడు. అందుకేనేమో, తుపాకీ పట్టుకుంటే ఇద్దరిలోనూ నటన కనిపించదు. జిమ్ బ్రౌన్ అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్‌లో మకుటంలేని మహారాజు. 1966లో ఇంగ్లండ్‌లో షూటింగ్ ఆలస్యమైంది. ఆటగాళ్ల శిక్షణ శిబిరానికి రాకపోతే జరిమానా వేస్తామని టీమ్ యజమాని హెచ్చరించాడు. బ్రౌన్ ఏం చేశాడో తెలుసా? ఆటకే గుడ్‌బై చెప్పేశాడు!

ఇక పతాక సన్నివేశం. ఇన్నాళ్లయినా వాదన తెగనిది దీని గురించే. పథకం బెడిసికొట్టి, జర్మన్ అధికారులు, వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లు నేలమాళిగలోకి పరుగెత్తుతారు. తలుపులు బయటినుంచి మూసేస్తారు. గాలి గొట్టాల్లోంచి పెట్రోలు పోస్తారు, గ్రెనేడ్లు వదులుతారు. లోపలివాళ్ల అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. గంటన్నరకు పైగా ఎవరి కోసం ఈలలు వేశామో వాళ్లే ఈ పని చేస్తుంటే చేతులు చప్పట్లకు రావు. మన 'హీరోలు' చేసింది యుద్ధమా, హత్యా? అప్పట్లో 'న్యూయార్క్ టైమ్స్' విమర్శకుడు బాస్లీ క్రౌథర్ ఈ హింసను తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆయన కోపంలో అన్యాయం లేదు కానీ, ఆ సన్నివేశాన్ని తీసేస్తే మిగిలేది ఓ సరదా సాహస చిత్రమే. పైగా అవి వియత్నాంలో అమెరికా బాంబులు కురిపిస్తున్న రోజులు. జనం మాత్రం టికెట్ల కోసం ఎగబడ్డారు. ఆ ఏడాది భారీగా వసూలు చేసిన చిత్రాల్లో ఇదీ ఒకటి. సౌండ్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా దక్కింది.

పన్నెండు మందిలో బతికి బయటపడేది వ్లాడిస్లా ఒక్కడే. చనిపోయినవాళ్లు విధి నిర్వహణలో ప్రాణాలర్పించారని ఇళ్లకు కబురు వెళుతుంది. ఆసుపత్రి మంచం మీదున్న వ్లాడిస్లాను పలకరించడానికి జనరళ్లు వస్తారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. వాళ్లు అటు వెళ్లగానే బ్రాన్సన్, జనరళ్లను చంపడం తనకు అలవాటైపోయేలా ఉందని గొణుగుతాడు.