చెరువు గట్టున ఒక శనివారం

"ఇంత దూరం వచ్చింది చెరువు గట్టు చూడ్డానికా?" అంది మా ఆవిడ. బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడు శనివారం పొద్దున్నే లేపి, రోస్టాక్ వైపు పోయే రైలెక్కించి, వారెన్ అనే ఊరికి తీసుకెళ్తున్నప్పటి మాట. నాకూ అదే అనుమానం వచ్చింది గానీ పైకి అనలేదు. వారంలో ఆరు దేశాలు చుట్టేసిన బంధువుల ఫొటోలు చూసి బయల్దేరినవాళ్లం మరి.

చెరువన్నది మావాడు ముద్దుకు పెట్టిన పేరని దిగాక తెలిసింది. అవతలి గట్టు ఒక సన్నని గీతలా ఉంది. మ్యూరిట్స్ సరస్సు విస్తీర్ణం సుమారు 117 చదరపు కిలోమీటర్లు. బోడెన్‌జే దీనికన్నా పెద్దదే గానీ, దాన్ని స్విట్జర్లాండ్, ఆస్ట్రియాలు కూడా పంచుకుంటాయి. పూర్తిగా జర్మనీ నేలలోనే ఉన్నవాటిలో ఇదే పెద్దది. పేరు ఒకప్పుడు ఇక్కడ బతికిన స్లావ్ జనం పెట్టింది. చిన్న సముద్రం అని అర్థం. గడిచిన మంచుయుగంలో భూమిని దొర్లించుకుంటూ వచ్చిన మంచు కరిగి వెనక్కి తగ్గినప్పుడు మిగిలిన పల్లాల్లో నీళ్లు నిలిచి, మెక్లెన్‌బుర్గ్‌లోని ఈ భాగమంతా సరస్సులమయమైంది. వెయ్యి సరస్సుల నేల అని పిలుచుకుంటారు.

ఇంతకీ ఇక్కడ చూడ్డానికేముంది? పెద్దగా ఏమీ లేదు. రేవు పక్కన చెక్క బల్లల మీద మా ఎదురుగా ఓ డెబ్బై ఏళ్ల పెద్దావిడ కూర్చుంది. తువ్వాలు కమ్మీకి వేసి, నిచ్చెన దిగి నీళ్లలోకి వెళ్లింది. అరగంట ఈది వచ్చి, తల తుడుచుకుని, డబ్బాలోంచి రొట్టె తీసుకుని తిని, పుస్తకం తెరిచింది. మధ్యాహ్నం మేం లేచేసరికి పది పేజీలైనా తిప్పిందో లేదో. ముప్ఫై ఏళ్లుగా ప్రతి వేసవికీ ఇక్కడికే వస్తోందని మావాడు అడిగి తెలుసుకున్నాడు. విసుగు రాదా అని అడిగించాను. "విసుగు రావడానికేగా వచ్చేది" అందట.

ఆ జవాబు వెనక చాలా ఏర్పాట్లున్నాయి. ఉద్యోగికి ఏటా కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు అక్కడ చట్టం ఇచ్చిన హక్కు. మేనేజరు మొహం చూసి అడుక్కునే పని లేదు. అందరూ ఒకేసారి రోడ్లమీద పడకుండా వేసవి బడి సెలవుల్ని రాష్ట్రాలు వేరువేరు తేదీల్లో ఇస్తాయి. 2023 మేలో 49 యూరోలతో మొదలై ఇప్పుడు 63కు చేరిన నెల టికెట్ ఒకటి చేతిలో ఉంటే దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. డబ్బున్న కుటుంబం గదులున్న పడవను వారానికి అద్దెకు తీసుకుని సరస్సు నుంచి సరస్సుకు పోతుంది. చదువుకునే పిల్ల అదే నెల టికెట్‌తో పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. ఇద్దరూ దూకేది ఒకే నీళ్లలోకి.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. తూర్పు జర్మనీ రోజుల్లో పడమటి గట్టున క్లింక్ అనే ఊళ్లో కార్మిక సంఘం వారి పెద్ద విడిది ఉండేది. సంఘం కేటాయిస్తే గది దొరికేది. తూర్పు గట్టు అడవి మాత్రం పెద్ద నాయకులు వేటాడుకునే చోటు. సమానత్వం పేరుతో నడిచిన రాజ్యంలో సరస్సుకు రెండు గట్లు, రెండు న్యాయాలు. 1990 సెప్టెంబరులో, ఆ దేశానికి మూడు వారాల ఆయుష్షు మిగిలి ఉండగా, చివరి మంత్రివర్గం తన ఆఖరి సమావేశంలో కొన్ని ప్రాంతాలను రక్షిత భూములుగా ప్రకటించింది. అందులో ఈ వేట అడవీ ఒకటి. అక్టోబరు 1న 322 చదరపు కిలోమీటర్ల మ్యూరిట్స్ జాతీయ పార్కు పుట్టింది. 3న దేశమే లేకుండా పోయింది. పోతూ పోతూ ఒక రాజ్యం చేసిన మంచి పని అది.

పార్కు అంచున ఉన్న ఫెడెరో అనే పల్లెకు బస్సులో వెళ్లాం. అక్కడ హైటెన్షన్ కరెంటు స్తంభాల మీద కొరమీను గద్దలు గూళ్లు పెడతాయి. పుల్లలు జారిపోకుండా స్తంభాల తలమీద బుట్టలాంటివి కూడా అమరుస్తారు. మేం చూస్తుండగానే మగపక్షి చేపను నిలువుగా, తల ముందుకు పెట్టి పట్టుకుని వచ్చింది. గాలి అడ్డు తగలకుండా అలా పట్టుకుంటుందట. ఈ జాతి పక్షులు చలికాలంలో మన జలాశయాల దగ్గరికీ వస్తాయి. మన దగ్గర కరెంటు స్తంభం మీద గూడు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది లైన్‌మన్ కొక్కెం.

పక్షుల్ని చూస్తూ ఆఖరి బస్సు పోగొట్టుకున్నాం. తప్పు మాదే. వారెన్ దాకా నడుస్తుంటే ఈ అందానికి రెండో వైపు కనిపించింది. ఈ జిల్లా విస్తీర్ణంలో జర్మనీలోకెల్లా పెద్దది. సార్‌లాండ్ అనే రాష్ట్రానికి రెట్టింపు పైమాటే. జనం మాత్రం రెండున్నర లక్షల పైచిలుకు. దేశాలు కలిశాక పనుల కోసం కుర్రాళ్లు పడమటికి వెళ్లిపోయారు. మాకు బస్సు తప్పడం ఒక ముచ్చట. కారు నడపలేని ముసలివాళ్లకు అది రోజువారీ బతుకు. సెలవుకొచ్చేవాళ్లకు నచ్చే నిశ్శబ్దంలో కొంత వలసపోయినవాళ్లు వదిలి వెళ్లిందే.

అయినా ఒక సంగతి నన్ను వదల్లేదు. మా హైదరాబాద్‌లో లేక్ వ్యూ అంటే ఫ్లాట్ ధరలో కలిపే అంకె. డబ్బు కట్టినవాడికి బాల్కనీలోంచి చెరువు, మిగిలినవాళ్లకు ప్రహరీగోడ. సెలవు సుఖమనేది జేబును బట్టి కాస్త పెరగొచ్చు, తరగొచ్చు. గట్టు మీద కూర్చునే హక్కుకు మాత్రం ధర ఉండకూడదు.

తిరుగు రైల్లో పిల్లలంతా తడి జుట్లతో నిద్రపోతున్నారు. వచ్చే శనివారం ఎక్కడికని మావాడు అడిగాడు.

"ఇక్కడికే" అంది మా ఆవిడ.

"ఇంకా బోలెడు సరస్సులున్నాయమ్మా!"

"ఉండనీరా. ఆ పెద్దావిడ పుస్తకం ఎక్కడిదాకా వచ్చిందో చూడొద్దూ?"